నీళ్లెవరు పోశారమ్మా?

రాత్రి ఎనిమిదయ్యేసరికి కోనసీమ జిల్లా ఆలమూరులో ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు మోగుతాయి. అమెరికాలో అప్పుడే పొద్దెక్కుతుంది, కువైట్‌లో ఇంకా సాయంత్రమే, హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి ఇంటికి చేరే వేళ. వీడియోలో కొడుకు ముఖం కనిపిస్తుంది. “అమ్మా, అన్నం తిన్నావా?” “తిన్నాన్రా.” “ఏం కూర?” “దోసకాయ పప్పు.” “మాత్రలు వేసుకున్నావా?” “ఆఁ, వేసుకున్నాను.” క్షేమసమాచారం అక్కడితో సరి. ఆవిడ స్నానం చేసి మూడు రోజులైందన్న సంగతి మాటల్లోకి రాదు. రాత్రిపూట లేచి దొడ్డికి వెళ్లాలంటే భయమేసి సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేసిందన్న సంగతీ రాదు. కొడుకు అడగడు. అడిగినా ఆవిడ చెప్పదు. కొడుకుతో చెప్పుకునే మాట కాదది.

వృద్ధుల సంరక్షణ మీద మన దగ్గర చర్చ తక్కువేమీ లేదు. చట్టముంది, పింఛనుంది, ఆశ్రమాలున్నాయి, నగరాల్లో పెద్దల కోసమే కట్టిన అపార్టుమెంట్లున్నాయి, మనిషిని పంపే ఏజెన్సీలున్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అన్నం, మందు, గది, డబ్బు: ఈ నాలుగింటికీ లెక్క ఉంది. ఒంటికి చేసే సేవకు లెక్క లేదు. స్నానం చేయించడం, బట్ట మార్చడం, దొడ్డికి తీసుకెళ్లడం, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అని అడిగే వ్యవస్థ మనకింకా రాలేదు. నాణ్యత తేలేది మాత్రం అక్కడే.

ఒంటి సేవ అంటే ఏమిటి

ఈ పనులకు మొదటగా ఒక కొలబద్ద తయారుచేసినవాడు సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు. తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో చేరిన వృద్ధులను ఆయన బృందం ఏళ్ల తరబడి గమనించి 1963లో ఒక సూచీ ప్రచురించింది. అందులో ఆరు పనులున్నాయి: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, అన్నం తినడం. మనిషి ఈ పనులను ఒక వరుసలో కోల్పోతాడనీ, మొదట చేజారేది స్నానమనీ, చివరిదాకా నిలిచేది నోటికి ముద్ద అందించుకోవడమనీ కాట్జ్ గుర్తించాడు. కోలుకునేటప్పుడు వరుస తిరగబడుతుంది, పసిబిడ్డ ఒక్కొక్కటీ నేర్చుకున్నట్టే.

“అన్నం తిన్నావా” అన్న ప్రశ్న ఎందుకు చాలదో ఈ వరుస చూస్తే తెలుస్తుంది. అన్నం తినలేని స్థితి వచ్చేసరికి మిగతా అయిదూ ఎప్పుడో పోయి ఉంటాయి. ఆ ప్రశ్నకు “తిన్నాను” అనే జవాబు చివరి రోజుల దాకా వస్తూనే ఉంటుంది. స్నానం సంగతి అడిగితే మటుకు ఇబ్బంది మొదలైన నాడే బయటపడుతుంది.

మన దేశంలో ఈ అవసరం ఎంతమందిదన్న లెక్కా ఉంది. 2017-18లో జరిగిన లాసీ సర్వే, అంటే వృద్ధాప్యం మీద దేశవ్యాప్తంగా చేసిన దీర్ఘకాలిక అధ్యయనం, అరవై దాటినవారిలో సుమారు నలుగురికి ఒకరు ఇలాంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదానికి ఇబ్బంది పడుతున్నారని చెప్పింది. జనాభా అంచనాల ప్రకారం 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవారు 12.4 శాతం, 2031 నాటికి 16.4 శాతం. అప్పటికి ప్రతి ఆరుగురిలో ఒకరు పెద్దవారన్నమాట. పిల్లలు చదువుకుని ఊరు దాటిన కోనసీమ వీధుల్లో ఆ లెక్క కోసం 2031 దాకా ఆగనక్కర్లేదు. సాయంత్రం అరుగుల మీద కూర్చున్నవారిని చూస్తే చాలు.

నాణ్యతను ఎక్కడ కొలవాలి

వైద్యసేవల నాణ్యత గురించి 1966లో అవెదిస్ డొనబేడియన్ అనే పరిశోధకుడు ఒక పద్ధతి సూచించాడు. మూడు చోట్ల చూడాలన్నాడు. ఒకటి ఏర్పాట్లు: గదులు, పరికరాలు, ఎంతమంది మనుషులు. రెండోది పని జరిగే తీరు. మూడోది ఫలితం. ఇది మన ఆశ్రమాలకూ ఇళ్లకూ సరిగ్గా సరిపోతుంది. జారని పలకలు, పట్టుకునే కమ్మీలు, కమోడ్ కుర్చీ ఏర్పాట్లలోకి వస్తాయి. ఆ కుర్చీ మీద కూర్చోబెట్టేటప్పుడు తలుపు వేశారా, “మామ్మగారండీ, ఇప్పుడు లేపుతున్నానండి” అని చెప్పి లేపారా, చంకల్లో చేతులు పెట్టి గుంజారా అన్నది తీరు. మడమ మీదా, తుంటి మీదా, నడుము కింది ఎముక మీదా పుండు పడిందా లేదా, ఈ నెలలో ఎన్నిసార్లు జారిపడ్డారు, బరువు తగ్గారా అన్నది ఫలితం.

ఇంగ్లండులో ఎక్స్‌ట్రా కేర్ హౌసింగ్ అనే పద్ధతి ఉంది. వృద్ధులకు ఎవరి ఫ్లాటు వారికుంటుంది, తలుపు తాళం వారి చేతిలోనే ఉంటుంది. అదే ప్రాంగణంలో రాత్రింబవళ్లు సేవకులుంటారు. ఎవరికి ఎంత సాయం కావాలో అంతే అందుతుంది. అవసరం పెరిగితే సాయం పెరుగుతుంది, ఇల్లు మారనక్కర్లేదు. ఇలాంటి 19 ప్రాంగణాల మీద కెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఇచ్చిన నివేదిక, అదే స్థితిలో ఉండి సంరక్షణ గృహాలకు వెళ్లినవారితో పోలిస్తే ఇక్కడివారి పరిస్థితి మెరుగ్గా ఉందనీ, ఖర్చు అంతే లేదా తక్కువేననీ తేల్చింది. అమెరికాలో ఈ ఆలోచనకు 1983లోనే బీజం వేసింది కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆవిడ. పక్షవాతంతో మంచాన పడిన ఆమె తల్లి కోరుకున్నదల్లా లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపున్న గది. ఒరెగాన్‌లో ఆమె కట్టించిన ఇల్లు ఆ కోరికలోంచి పుట్టిందే.

ఇంగ్లండు పద్ధతిలో మనం గమనించాల్సిన మెలిక ఒకటుంది. అక్కడ ఇంటికి ఒక ఒప్పందం, సేవకు వేరే ఒప్పందం. కేర్ క్వాలిటీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటి చోట భవనాన్ని తనిఖీ చెయ్యదు, ఒంటి సేవను తనిఖీ చేస్తుంది. భద్రంగా ఉందా, పనికొస్తోందా, దయతో చేస్తున్నారా, మనిషి అవసరాన్ని బట్టి మారుతోందా, నడిపేవారు సరిగ్గా నడుపుతున్నారా అనే అయిదు ప్రశ్నలు వేసి నాలుగు తరగతుల్లో ఒకటి ఇస్తుంది. అంత చేసినా అక్కడ ఫిర్యాదులు లేకపోలేదు. ఇంటికొచ్చి పదిహేను నిమిషాల్లో స్నానమూ బట్టలూ ముగించి పరుగెత్తే సేవకుల గురించి ఏళ్లపాటు గొడవ జరిగింది. చివరికి 2015లో నైస్ అనే సంస్థ ఇంటి సేవల మార్గదర్శకాల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప అరగంటకు తక్కువ సందర్శన వద్దని రాయాల్సొచ్చింది. ఒక ముసలాయన స్నానానికి ఎంతసేపు పడుతుందన్నది అక్కడ ప్రభుత్వ పత్రంలో చర్చించే విషయం.

మన ఇల్లు, మన గడప

ఇప్పుడు ఆలమూరుకొద్దాం. ఇక్కడ అత్యధికులు వృద్ధాప్యం గడిపేది సొంతింట్లోనే. గౌతమీ గోదావరి గట్టు పక్క పాత ఇళ్లు చూసినవారికి తెలుసు: వీధిలోంచి ఎత్తయిన అరుగు, అరుగెక్కితే గడప, గడప దాటితే మండువా, మండువా దాటితే మళ్లీ గడప, దాని వెనక పెరడు, పెరటి చివర మరుగుదొడ్డి. ముప్పై ఏళ్ల వాడికి అందంగా కనిపించే ఇల్లు ఎనభై ఏళ్ల మోకాళ్లకు అయిదు అడ్డంకుల పరుగుపందెం. వానాకాలంలో పెరట్లో నాచు పడుతుంది. కొత్త డాబాల్లో గడపలు తగ్గాయి గాని మెరిసే పలకలొచ్చాయి, తడిస్తే నాచుకేమీ తీసిపోవు. ఆస్తులు అమ్మి పిల్లల్ని చదివించినవారు బాత్రూంలో రెండు కమ్మీలు బిగించుకోవడానికి మటుకు ఆలోచిస్తారు. “నాకేమంత ముసలితనం వచ్చిందిప్పుడు” అంటారు. పడ్డాక బిగిస్తారు.

ఇంట్లో సేవ చేసేది చాలామటుకు కోడలు, లేదా అదే వయసుకు చేరువలో ఉన్న భార్య. డెబ్బై అయిదేళ్ల ఆవిడ ఎనభై రెండేళ్ల భర్తను మంచం మీంచి లేపడం ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యమే. ప్రేమకు లోటుండదు, నేర్పు మాత్రం ఎవరూ నేర్పలేదు. చెయ్యి పట్టి గుంజితే భుజం కీలు తప్పుతుందనీ, ఒంటి కింద వేసిన దుప్పటిని ఇద్దరు చెరో పక్క పట్టుకుని జరిపితే మనిషి నొప్పి లేకుండా జరుగుతాడనీ ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు చెప్పేవారుండరు. మందుల చీటీ ఇస్తారు, పక్క మార్చే పద్ధతి చెప్పరు.

లంక గ్రామాలది మరో కథ. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నడవగలిగినవారు పడవెక్కారు. మంచాన ఉన్నవారిని ఎత్తుకుని దింపాల్సొచ్చింది. పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు అందుతాయి. పెద్దవారు కూర్చోగలిగే మరుగుదొడ్డి ఉందా అన్నది ఎవరి జాబితాలోనూ ఉండదు. వరదలోనూ మన లెక్క అన్నం దగ్గరే ఆగింది.

ఆశ్రమం: అన్నదానం బోర్డు, తలుపు వెనక మంచం

అన్నం పెట్టడం ఈ నేలకు కొత్త కాదు. ఆలమూరుకు పక్కనే ఉన్న మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వెళ్లిన డొక్కా సీతమ్మ గారు దారిన పోయేవారికి వేళాపాళా లేకుండా వండి పెట్టారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆ ధర్మం మన ఆశ్రమాలకూ సంక్రమించింది. పుట్టినరోజుకీ పెళ్లిరోజుకీ ఆబ్దికానికీ జనం వెళ్లి భోజనం పెట్టించి, ఫొటో దిగి వస్తారు. రాజమహేంద్రవరంలో గౌతమీ జీవకారుణ్య సంఘం వంటివి దశాబ్దాలుగా దిక్కులేనివారికి నీడనిస్తున్నాయి. వాటి సేవను తక్కువ చెయ్యడానికి లేదు.

అయితే దాతలు ఏమిస్తున్నారో చూడండి. బియ్యం, పళ్లు, దుప్పట్లు, ఫ్యాన్లు. పెద్దవాళ్లకు వాడే డైపర్లు, కమోడ్ కుర్చీ, రాత్రిపూట ఆయా జీతం ఇచ్చే దాత అరుదు. వాటి మీద పేరు రాయించుకోవడం కుదరదు మరి. ఫలితం ఆశ్రమాల ప్రవేశ నిబంధనల్లోనే కనిపిస్తుంది. “తన పనులు తాను చేసుకోగలిగినవారికే ప్రవేశం” అనే వాక్యం చాలా చోట్ల ఉంటుంది. మంచాన పడితే పిల్లలకు కబురు పెట్టి తీసుకెళ్లమంటారు. కాట్జ్ వరుసలో మొదటి మెట్టు జారగానే మూసుకునే తలుపది. నడుపుతున్నవారిది రాతిగుండె కాబట్టి కాదు. ముప్పైమందికి రాత్రి కాపలాగా ఒక్క మనిషి ఉన్నచోట మంచాన పడ్డవారిని చేర్చుకుంటే జరిగేది సేవ కాదని నడిపేవారికి తెలుసు.

నగరం: ప్రకటనలో లేని ప్రశ్న

డబ్బున్న పిల్లలు ఎంచుకునేది పెద్దల కోసం కట్టిన ప్రాంగణాలు. దక్షిణాదిలో కోయంబత్తూరు ఈ వ్యాపారానికి ముందు నుంచీ పెట్టింది పేరు, హైదరాబాద్‌లోనూ అవి పెరుగుతున్నాయి. ఇంగ్లండు ఎక్స్‌ట్రా కేర్‌కు మన దగ్గర చూడ్డానికి దగ్గరగా ఉన్నవి ఇవే. సొంత ఫ్లాటు, కింద భోజనశాల, డాక్టరు గది, నడకదారి, గుడి. ప్రకటనల్లో అన్నీ కనిపిస్తాయి. కనిపించనిది ఒకటే: నడవలేని రోజు వచ్చాక ఏం జరుగుతుంది? కొన్నిచోట్ల “అసిస్టెడ్ లివింగ్” అని వేరే అంతస్తు ఉంటుంది, దాని బిల్లు వేరే. కొన్నిచోట్ల బయటి ఏజెన్సీ నుంచి మనిషిని మనమే పెట్టుకోవాలి. అప్పుడు ఫ్లాటు అమ్మిన సంస్థకు ఆ మనిషి పనితో సంబంధం ఉండదు, ఏజెన్సీకి ఆ ఫ్లాటుతో సంబంధం ఉండదు. ఇల్లు వేరు, సేవ వేరు అన్న ఇంగ్లండు మెలిక మనకూ వచ్చింది గాని సేవను తనిఖీ చేసే కమిషన్ రాలేదు.

ఊళ్లో ఉంటూ ఏజెన్సీ మనిషిని పెట్టుకున్నవారి అనుభవం ఇంకా తేలిక మాటల్లో చెప్పొచ్చు. మనిషి బాగుంటే అదృష్టం. నెలకో మనిషి మారితే ఖర్మ. ఏజెన్సీ పంపే కేర్‌టేకర్ ఏం నేర్చుకున్నారో చెప్పే కాగితం మనమడగం, వారివ్వరు. దగ్గరి బంధువుల ఇంట ఒకసారి చూశాను. కొత్తగా వచ్చిన అమ్మాయి, పాపం మంచిదే, పడుకోబెట్టిన మనిషి నోట్లో చెంచాతో జావ పోస్తోంది. ఆవిడకు పొలమారి కళ్లు తేలేశాయి. కూర్చోబెట్టి తాగించాలనీ, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదనీ, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందనీ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తప్పెవరిదంటే ఏజెన్సీ పేరు చెప్పుకుని ప్రయోజనం లేదు. అడగాల్సిన మేమూ అడగలేదు.

చట్టం గోడలదాకా వచ్చింది

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పోషణకు నెలకు పదివేలు మించకుండా ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రాత రద్దు చెయ్యవచ్చు. అలాంటి షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఈ చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా అర్థం చేసుకోవాలంది. కాబట్టి గిఫ్టు డీడు రాసేటప్పుడు “అన్నవస్త్రాలు” అని ఊరుకోకుండా ఒంటి సేవ మాట కూడా రాయించుకోవడం మంచిది.

19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు పెట్టవచ్చంది. “పెట్టాలి” అనలేదు, “పెట్టవచ్చు” అంది. 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో లెక్క తెప్పించమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సొచ్చింది. 2019 మార్చిలో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ పెద్దల ఇళ్ల ప్రాజెక్టులకు నమూనా మార్గదర్శకాలిచ్చింది. జారని నేల, చక్రాల కుర్చీ తిరిగే వెడల్పు, అత్యవసర గంట వంటివి అందులో బాగానే ఉన్నాయి. అయితే గంట నొక్కితే వచ్చేదెవరు, ఎంతసేపట్లో వస్తారు అన్న ప్రశ్నకు గోడలు జవాబు చెప్పలేవు.

ఆ జవాబుకు దగ్గరగా వచ్చినది 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు. సంరక్షణ గృహాలతోపాటు ఇంటికి మనుషుల్ని పంపే ఏజెన్సీలనూ నమోదు చెయ్యాలనీ, కనీస ప్రమాణాలు నిర్ణయించాలనీ, పదివేల పరిమితి ఎత్తేయాలనీ అందులో ఉంది. 2024లో ఆ లోక్‌సభతోపాటే బిల్లూ మురిగిపోయింది. డెబ్బై దాటిన అందరికీ అయిదు లక్షల ఆస్పత్రి బీమా 2024 అక్టోబరులో మొదలైంది. మంచిదే. అది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది. చేరకుండా చూసే రోజువారీ సేవకు పైసా రాదు.

చేతులు ఎక్కడికి పోయాయి

కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్ల గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్లు ఆ డబ్బుతో లేచినవే. కువైట్‌లోనో ఖతార్‌లోనో వారు చేసే పనేమిటి? వంట, పిల్లల పని, ముసలివాళ్ల పని. అక్కడ ఒక అరబ్బు అవ్వకు స్నానం చేయించి ఒళ్లు తుడిచే చేతులు ఇక్కడి వాళ్లమ్మకు వీడియోలో చెయ్యి ఊపుతాయి. ఇప్పుడు జపాన్ కూడా 2019 నుంచి నైపుణ్య వీసాల్లో వృద్ధుల సంరక్షణను చేర్చింది. ఈ పనికి ప్రపంచమంతా ధర కడుతోంది, మనమే ఇంకా “పనిమనిషి” జీతం దగ్గర ఉన్నాం. ఇళ్లలో పనిచేసేవారి హక్కులపై 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను భారత్ ఆమోదించలేదు. మంచి మనిషి నిలబడడం లేదని విసుక్కునే ముందు ఆ మనిషికి సెలవు రోజుందా, రాత్రి నిద్రుందా అని చూసుకోవాలి. నిద్రలేని చెయ్యి మృదువుగా ఉండదు.

ఇంకో మాట చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. ఒంటి మురికి కడిగే పనిని మన సమాజం కులానికి కట్టేసింది. వంటింట్లోకి రానివ్వని మనిషితోనే ఒంటిని కడిగించుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి. వేరే గ్లాసులో టీ ఇచ్చి, ఆ చేతుల్లోనే తల్లిని పెట్టి వెళతారు. ఇలాంటి చోట నాణ్యత గురించి మాట్లాడడం సగం మాటే. సేవ చేసేవారికి దక్కని గౌరవం సేవ అందుకునేవారికి చేరడం కష్టం.

నిజానికి స్నానం చేయించడాన్ని విద్యగా గుర్తించడం మనకు రానిది కాదు. పసిబిడ్డకు నీళ్లు పోసే మనిషి ఈ ఊళ్లన్నిటిలో ఉండేది. కాళ్లు చాచి పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, నీళ్ల వేడి చేత్తో చూసి పోసి, సాంబ్రాణి పట్టి, తల్లి చేతిలో పెట్టేది. డబ్బుతోపాటు చీర పెట్టి పంపేవారు. ఆమె పని చూడడానికి పక్కింటివాళ్లూ వచ్చేవారు. మనిషి పోయాక కూడా నీళ్లు పొయ్యడానికి ఒక తంతు ఉంది, దానికీ తెలిసినవారుంటారు. ఈ రెంటికీ మధ్య, మంచాన పడ్డ నాలుగేళ్లకు మాత్రం అలాంటి మనిషీ లేదు, ఆ పనికి పేరూ లేదు.

మంచం మీద స్నానం

అది ఎంత విద్యో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తలుపు, కిటికీ వేస్తారు, ఫ్యాను ఆపుతారు. రెండు బేసిన్లలో గోరువెచ్చని నీళ్లు, వేడిని మోచేత్తో చూస్తారు. ఒంటిమీద దుప్పటి అలాగే ఉంచి, కడిగే భాగం మాత్రం తీస్తారు. మొదట కళ్లు, సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి బయటికి, కంటికో గుడ్డ అంచు. ముఖం, మెడ, చెయ్యి, చంక, ఛాతీ. ఒక భాగం కడిగి తుడిచి కప్పాకే మరొకటి. మడతల్లో తడి ఉంచకూడదు, తడి ఉన్నచోటే పాచిపోతుంది. పాదాల వేళ్ల సందులు చూడాలి, చక్కెర జబ్బు ఉంటే మరీను. నీళ్లు మార్చాకే కింది భాగం, ఆడవారికి ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షను వస్తుంది. తర్వాత పక్కకు తిప్పి వీపు. ఇక్కడే అసలు పరీక్ష. నడుము కింద, తుంటి మీద, మడమ దగ్గర ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూడాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఆ రోజునుంచి గంటలు చూసుకుని పక్క మార్చాలి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండాలి. మతిమరుపు వచ్చిన పెద్దాయన స్నానానికి తిట్టి కొడుతున్నాడంటే ఎవరో తెలియని మనిషి చెప్పకుండా తన పంచె లాగుతోందని ఆయన భయం. ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వవేత్త 1997లో రాసిన పుస్తకంలో చెప్పిందదే: జబ్బుని చూడకముందు మనిషిని చూడాలి. ఆయన బడిలో మేష్టారుగా చేశారని తెలిసిన కేర్‌టేకర్ “మేష్టారండీ, నీళ్లు తోడానండి” అంటే ఆయన లేచి వస్తాడు.

దగ్గరి దారి

కేరళ అనుభవం మనకు అందేంత దూరంలోనే ఉంది. 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ ఊరూరా వాలంటీర్లతో పెరిగి, 2008లో రాష్ట్ర విధానమైంది. పంచాయతీ డబ్బుతో నర్సు ఇంటికి వెళ్లి పుండ్లు కడుగుతుంది, ఇంట్లోవాళ్లకు పక్క మార్చడం నేర్పుతుంది. మన దగ్గర దానికి కావలసిన చట్రం చాలామటుకు ఉంది. గ్రామ సచివాలయముంది, ఏఎన్‌ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది. నడవగలిగినవారు, కదలిక తగ్గినవారు, మంచాన ఉన్నవారు అని వృద్ధుల జాబితా రాసుకోమని ఆరోగ్య కేంద్రాలకు కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైన వికలాంగులకు పదిహేను వేలు ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఆ పదిహేను వేలు రాష్ట్రం ఒంటి సేవకు ప్రత్యక్షంగా కట్టిన ధర అనుకోవచ్చు. దాని పక్కన కావలసింది ఆ డబ్బుతో పిలవగలిగిన, నేర్చుకున్న మనిషి. డ్వాక్రా సంఘాల్లోంచి ఊరికి నలుగురికి మూడు నెలలు నేర్పించి, కమోడ్ కుర్చీ, వాకర్, గాలి పరుపు సచివాలయంలో అద్దెకుంచితే, గల్ఫ్ విమానం ఎక్కని కొందరైనా ఇక్కడే గౌరవంగా బతుకుతారు. ఆలమూరు మొత్తమే ఒక ఎక్స్‌ట్రా కేర్ ప్రాంగణమవుతుంది. తలుపులు ఎవరివి వారివే, సేవ పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటుంది.

అందాకా కుటుంబాలు చెయ్యగలిగింది అడగడం. ఆశ్రమానికి వెళితే వంటిల్లు చూసి సంతోషించకుండా, రాత్రి ఎంతమంది ఆయాలు ఎంతమందిని చూస్తారని అడగాలి. మంచాన పడితే ఉంచుకుంటారా, ఇప్పుడు ఎందరికి పడక పుళ్లున్నాయి, స్నానానికి ఆడవారికి ఆడమనిషే వస్తుందా అని అడగాలి. చెప్పకుండా వెళ్లాలి, పొద్దున్న ఎనిమిదికి వెళ్లాలి, వాసన చూడాలి. ఏజెన్సీతో మాట్లాడితే వచ్చే మనిషి ఎక్కడ నేర్చుకుంది, సెలవు రోజున ఎవరొస్తారు అని అడగాలి. రాష్ట్రమంతటా పనిచేసే 14567 ఎల్డర్ లైన్ నంబరు పెద్దవారి చేతి ఫోన్‌లో ఒకటో నంబరుగా పెట్టాలి. ఈ ఫోను సేవ టాటా ట్రస్టుల చేతుల మీదుగా 2017లో హైదరాబాద్‌లోనే మొదలై దేశమంతా పాకింది.

ఇక రాత్రి ఎనిమిదింటి ఫోను. అన్నం సంగతి అడగండి, అది మన భాషలో ప్రేమ. దాని తర్వాత ఇంకొక్కటి కలపండి: “ఇవాళ నీళ్లెవరు పోశారమ్మా?” మొదటిరోజు ఆవిడ సిగ్గుపడి మాట మారుస్తుంది. నాలుగో రోజుకు, పక్కన ఎవరూ లేరని చూసుకుని, చెబుతుంది.